ఆయమ్మ కట్టిన కట్టు

పాపకు రెండు రోజులుగా జలుబు. నిద్రలో దాని ముక్కు గురగురమన్నప్పుడల్లా లేచి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు, తెల్లవారుజామున డ్యూటీ. "జలుబే కదా, పడుకో" అని అటు తిరిగి నిద్రపోయారు. జలుబుకూ జబ్బుకూ తేడా నాకు తెలుసు. కొన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని. తెలిసి లాభమేముంది, తెలిసిన కొద్దీ భయమే పెరిగింది. ఎలాగూ నిద్ర రాదు కనుక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మొన్న మా చిన్నాన్న కూతురు ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురూ నర్సు ట్రైనింగులో చేరబోతున్నారు. "అక్కా, నీ ఉద్యోగంలో నీకు బాగా గుర్తున్నది చెప్పు" అన్నారు. సూదిని చూసి గోడ దూకిన పోలీసాయన సంగతి చెప్పి నవ్వించి పంపాను. వాళ్లు మెట్లు దిగుతుండగానే అనిపించింది, నేను అసలుది దాచేసి ఉబుసుపోక కబురు చెప్పి పంపానని. అసలుది ఇది. ఆ ముగ్గురి కోసం, వాళ్లలాగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. కొందరు బతికే ఉన్నారు, కొందరు లేరు. ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ కూడా అదే మర్యాద.

యాభై ఏడులో ఫ్లూ వచ్చింది. దేశదేశాలు తిరుగుతున్న జ్వరమని పేపర్లో చదివాం. తాండూరుకు అది బొంబాయి వైపు నుంచి రైలెక్కి వచ్చింది కాబట్టి జనం దాన్ని బొంబాయి జరం అన్నారు. చాలామందికి ఒళ్లు విరిచేసి, కొన్నాళ్లు మంచాన పడేసి, తనంతట తనే పోయేది. బండల గనుల్లో పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఊపిరితిత్తుల్లో జ్వరం కంటే ముందే రాతిదుమ్ము చేరి ఉంది. వాళ్లలోనూ, ముసలివాళ్లలోనూ, బాలింతల్లోనూ అది న్యుమోనియాలోకి దిగేది. తాండూరులో ఉన్న చిన్న దవాఖాన చాలక, స్టేషను దగ్గర మూతపడి ఉన్న ఒక పప్పు గిర్నిని, అదే పప్పు మరను, వార్డుగా మార్చారు. వికారాబాదు నుంచి అక్కడికి ముగ్గురం వెళ్లాం. డాక్టరు గారు, నేను, ఆయమ్మ.

డాక్టరు గారు చిన్న వయసువారు. రాష్ట్రాలు కలిశాక కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. పని వచ్చిన మనిషే కానీ మహా మొహమాటస్థుడు. ఆడవాళ్ల మంచం దగ్గరికి వస్తే ముందు గొంతు సవరించుకునేవారు. నేనా, హైదరాబాదులో ఇంటరు చదివి, ఇంట్లో వద్దంటున్నా వినకుండా నర్సునైన పిల్లను. థర్మామీటరు విదిలించడంలోనే నా చదువంతా కనబడాలన్నట్టు తిరిగేదాన్ని.

ఆయమ్మ దోమ దగ్గర పల్లె మనిషి. కూలి పని మాని వచ్చి వికారాబాదు కాన్పుల వార్డులో ఆయాగా కుదిరింది. మేం పుట్టకముందు నుంచీ అక్కడే ఉందేమో అన్నట్టుండేది. ఆమె చేతి కట్టుకు పేరు. బాలింతకు నడికట్టు కట్టినా, బెణికిన కాలికి గుడ్డ చుట్టినా, ముడి ఎక్కడుందో కనబడేది కాదు, కట్టు జారేది కాదు. బిడ్డ పోయిన తల్లులకు పాలు గడ్డకట్టి నొప్పితో ఏడుస్తుంటే, మల్లెపూలు పరిచి రొమ్ముల మీదుగా బిగించి కట్టేది. పాలు ఎండిపోయేవి. అలా ఆమె ఎంతమంది నొప్పి తీర్చిందో లెక్కలేదు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు పెద్ద డాక్టరు పేరు మరిచిపోయినా ఆయమ్మను మాత్రం అడిగి మరీ కలిసి పోయేవారు.

గిర్నిలో నేలంతా తాండూరు బండలు. పొద్దంతా మాకు హాయి, రోగులకు చలి. గోనెసంచులు పరిచి, పైన చాపలు వేసి పడుకోబెట్టాం. మధ్యలో గోనెపట్టా తెర కట్టి ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు. ఎంత కడిగినా గోడల సందుల్లోంచి కందిపప్పు వాసన వస్తుండేది. మా దగ్గరున్నవి జ్వరం మాత్రలు, దగ్గు మందు, పెన్సిలిన్ సూదులు, కాగబెట్టిన నీళ్లు. జ్వరం వస్తే లంఖణం పెట్టాలని, నీళ్లు తాగించొద్దని, గొంగళ్లు కప్పి చెమట పట్టించాలని ఇళ్లవాళ్ల పట్టుదల. నీళ్లు తాగించడానికే మా సగం ఓపిక అయిపోయేది. సూదులు, మందులు నావి. ఆడవాళ్ల ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం ఆయమ్మది.

"మన డాక్టరు సాబు ముచ్చట పెట్టినా పంతులు పాఠం చెప్పినట్లే ఉంటది బిడ్డా" అనేది నాతో. "దయచేసి నోరు తెరవండి అంటడు. దయచేసుడెందుకు, తెరువు అంటే తెరుస్తరు."

ఒక పొద్దున పడుచుపిల్ల ఒకతె ఎడ్లబండి మీద వచ్చింది. కరణ్‌కోట వైపు బండలు కొట్టే అతని భార్య. అతనూ ఇంట్లో అదే జ్వరంతో పడి ఉన్నాడు. వెంట తల్లి వచ్చింది. ఆ ముసలామె ఒళ్లో చంటిపిల్ల, ఆడబిడ్డ, ఇంకా మెడ నిలవలేదు. ఆ చంటిదాని తల్లికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఎర్రబడ్డ కళ్లతో, రొప్పుతూనే "నా బిడ్డకు జరం రాలే కదా?" అని అడిగింది. తన సంగతి అడగలేదు.

డాక్టరు గారు చూసి న్యుమోనియా అన్నారు. సూదులు మొదలుపెట్టమన్నారు. "పాపని లోపల ఉంచవద్దు. పాలు ఆపించండి" అని ఆడవాళ్ల తెర దాటి మగవాళ్ల వైపు వెళ్లిపోయారు. ఆయన చెప్పింది సరైనదేనని అందరం అనుకున్నాం. అంటే బిడ్డకు తల్లి దగ్గర పట్టడం మానిపించమని నేను అర్థం చేసుకున్నాను. ఆయమ్మ కూడా తనకు తెలిసినట్టే అర్థం చేసుకుంది. కాన్పుల వార్డులో ఇన్నేళ్లుగా 'పాలు ఆపు' అంటే చేసే పని ఒకటే.

ముసలామె పిల్లతో గిర్ని వసారాలో కూర్చుంది. డబ్బాపాలు కలిపి దూదివత్తితో పట్టించాలని చూశాం. పిల్ల నాలుకతో బయటికి నెట్టేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు కీచుమనేది. లోపల తల్లి ఆ ఏడుపు విన్నప్పుడల్లా తల తిప్పి తలుపు వైపు చూసేది.

మర్నాడు టాంగా తోలే అతని భార్య వచ్చింది. గిర్ని గేటు పక్కనే వాళ్ల ఇల్లు, ఇంటి ముందు మల్లెచెట్టు. మా వార్డులోనే జ్వరం తగ్గి ఇంటికి వెళ్లిన మనిషి. దగ్గు మందు కోసం రోజూ వచ్చేది. వసారాలో పిల్ల ఏడుపు చూసి అక్కడే కూలబడింది.

"గట్ల సూడకు అవ్వా, గా పోరిని ఇటు తే. నా పోరడు తాగంగ మస్తు మిగుల్తున్నయ్."

ముసలామె పిల్లను ఇంకా దగ్గరికి అదుముకుంది. "మీరు తురకలు గద తల్లీ" అంది మెల్లగా.

"అవును. పాలు తెల్లగనే ఉంటయ్, కావాల్నంటె సూస్కో." చేతులు చాచి పిల్లను తీసుకుంది. పిల్ల వెతుక్కుని, దొరకబుచ్చుకుని, గుటకలు వేయడం మొదలుపెట్టింది. వసారాలో అందరం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. "ఇగ ఇది నా పోరనికి చెల్లె అయింది. మా దాంట్ల ఒక్క తల్లి పాలు తాగినోళ్లు తోబుట్టువులే. రేపు పెండ్లి సంబంధం పట్టుకొని నా ఇంటికి రావొద్దు, ఇప్పుడే చెప్తున్న."

"నీ ఇంటికి గంత దూరం నేనేడ వస్త తల్లీ" అని ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కడ ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పిల్ల గండం గడిచింది. తల్లికి మాత్రం గుణం కనబడలేదు. సూదులు పడుతున్నాయి, జ్వరం కాస్త దిగింది, ఊపిరి మాత్రం పైపైనే ఆడుతోంది. కుక్కపిల్ల రొప్పినట్టు చిన్నచిన్న శ్వాసలు. డాక్టరు గారు వచ్చి, గొంతు సవరించుకుని, ఆమెను ముందుకు వంచి కూర్చోబెట్టమని, రవికె మీదుగానే వీపు పైభాగాన స్టెతస్కోపు ఆనించి విన్నారు. ముసలామె కూతురి మెడ దాకా గొంగడి లాగి పట్టుకునే ఉంది, పరాయి మగవాడి ముందు ఒళ్లు కనబడకూడదని. "కింది భాగంలో గాలి ఆడుతున్నట్టు లేదు. జబ్బు కిందికి పాకినట్టుంది" అన్నారు ఆయన. నేను తల ఊపాను. సూదులు తుంటికి ఇచ్చేదాన్ని. గొంగడి అంతవరకే తొలిగేది.

ఆ చాప దగ్గర వంగినప్పుడల్లా సన్నగా మల్లెపూల వాసన వచ్చేది. కందిపప్పు, ఫినాయిలు, చెమట వాసనల మధ్య ఆ పరిమళం ఎక్కడిదా అనుకున్నాను. టాంగా అతని భార్య వచ్చి పోతోంది కదా, ఆమె తల్లోవి కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం మొదటి పెద్ద వాన. గిర్ని రేకుల సందుల్లోంచి నీళ్లు సరిగ్గా ఆమె మీద పడ్డాయి. ఆయమ్మ వేణ్నీళ్ల కోసం పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేనూ ముసలామె కలిసి ఆమెను పక్కకు లాగాం. తడిసిన గొంగడి తీసేసి, చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాను. నా చేతికి మనిషి మెత్తదనం తగల్లేదు. మద్దెల మీద చెయ్యి వేసినట్టుంది.

రవికె విప్పాను. చంకల దగ్గర నుంచి పక్కటెముకల చివరిదాకా పాత పంచె చింపి చుట్టిన కట్టు. ఎక్కడా ముడి కనబడలేదు. తడిసి ఇంకా బిగుసుకుపోయింది. పట్టు దొరకక కత్తెర తెచ్చి, చర్మానికీ గుడ్డకీ మధ్య నా వేలు దూర్చి కత్తిరించాను. వేలు దూర్చడమే కష్టమైంది. గుడ్డ విడిపోగానే గోధుమరంగుకు తిరిగి అణిగిపోయిన మల్లెపూలు చాప మీద రాలాయి. ఆమె ఒంటి మీద గుడ్డ మడతలు ఎర్రని గీతలుగా అచ్చు పడి ఉన్నాయి. ఆమె నోరు తెరిచి ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. ఊపిరి కడుపు దాకా దిగడం కళ్లతో చూశాను. తర్వాత ఇంకొకటి.

"సల్లగైంది అక్కా" అంది. "పానం లేచొచ్చింది."

తల ఎత్తేసరికి ఆయమ్మ వేణ్నీళ్ల బిందెతో నిలబడి ఉంది. చాప మీద పూలను చూసింది, నా చేతిలో కత్తెరను చూసింది, ఆ ఎర్రని గీతల మీద ఊపిరి పైకీ కిందికీ ఆడటం చూసింది. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బిందె కింద పెట్టి, గుడ్డ తడిపి, ఆ గీతల మీద వేణ్నీళ్లతో కాపడం పెట్టడం మొదలుపెట్టింది.

డాక్టరు గారిని పిలిచాను. ఆయన గొంతు సవరించుకోకుండా వచ్చారు. ఈసారి వీపు కింది దాకా స్టెతస్కోపు పెట్టి విన్నారు. విన్నాక కత్తిరించిన గుడ్డను చేత్తో పట్టుకుని, మళ్లీ కింద పెట్టారు.

"సారూ, నా బిడ్డను ఇయ్యుండ్రి" అంది ఆ పిల్ల. కట్టు విప్పాక పాలు చేపుకొచ్చి చీర తడుస్తోంది. ఆయమ్మ కట్టిన కట్టుకు ఎండని పాలు అవొక్కటే కావచ్చు.

పిల్లను లోపలికి తేకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. ఆయనే, "ఇవ్వండమ్మా. మూతికి మాత్రం గుడ్డ కట్టండి" అన్నారు.

తల్లి మూతికి పలచని గుడ్డ కట్టి, నేను వెనక నుంచి ఆనించి పట్టుకుని కూర్చున్నాను. ముసలామె పిల్లను అందించింది. పిల్ల తాగింది. తల్లి దగ్గు వచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది, మళ్లీ తిరిగి చూసుకునేది. "బరువైందే అవ్వా" అంది. ముసలామె, "టాంగామె తాపింది బిడ్డా" అని చెప్పింది. ఆ పిల్ల, "ఆమెకు మన కోడిని ఇయ్యి, నల్లదాన్ని" అంది.

ఆ సాయంత్రం అందరం కాస్త తెరిపిన పడ్డాం. డాక్టరు గారు మందు పెంచారు. ఆమె గంజి తాగింది. నేను ఆమె బతుకుతుందనే అనుకున్నాను. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. బతకదు అనుకుని ఉంటే తర్వాత ఇంత గుర్తుండేది కాదు.

తెల్లవారాక, టీ నీళ్లు మరిగే వేళకు, ఆమె గుండె ఆగిపోయింది. ముందు ఏ అలజడీ లేదు. ముసలామె మొహం కడగడానికి గుడ్డ తడిపి వచ్చేసరికే అయిపోయింది.

శవాన్ని బండిలోకి ఎక్కించేముందు ముసలామె నా దగ్గరికి రాలేదు, డాక్టరు గారి దగ్గరికీ పోలేదు. నేరుగా ఆయమ్మ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "అందరికన్న నువ్వే ఎక్కువ చేసినవ్ అక్కా. నా బిడ్డకు పాలు గడ్డగట్టి నొస్తదని పూలు పెట్టి కట్టినవ్. కన్నతల్లిని నాకే తోచలే. నీ కడుపు సల్లగుండ" అంది. ఆయమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. ముసలామె వదిలిందాకా అలాగే పట్టనిచ్చింది.

పిల్లను టాంగా అతని భార్య కొన్నాళ్లు తన దగ్గరే ఉంచుకుంది. తండ్రి కోలుకున్నాక వచ్చి తీసుకుపోయాడని, వస్తూ నల్లకోడిని తెచ్చాడని తర్వాత తెలిసింది. కోడిని కోయడానికి మనసొప్పక పెంచుతోందట.

ఆ రోజే డాక్టరు గారిని అడిగాను. ఆయన స్టెతస్కోపును చేతికి చుట్టుకుంటూ చెప్పారు. "రెండువైపులా ముదిరిన న్యుమోనియా. కట్టు లేకపోయినా పోయేదేమో. కట్టు లేకపోతే నిలిచేదేమో. తెలుసుకునే దారి లేదు. పాలు ఆపమన్నది నేను. ఎలా ఆపుతారని అడగనిదీ నేనే. ఆవిడని ఏమీ అనకండి."

ఆయమ్మ మధ్యాహ్నం నీళ్ల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నేను సిరంజిలు ఉడకబెట్టడానికి వెళితే మంట ఎగదోస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. నా కట్టుతోని పోయిందా?"

"కాదు ఆయమ్మా. జరంతోని పోయింది."

"డాక్టరు సాబు గట్లనే అన్నడా?"

"అన్నరు."

ఆమె తల ఊపి, ఇంకో కట్టె లోపలికి నెట్టింది. నమ్మిందనే అనుకున్నాను. ఆ సీజనంతా గిర్నిలో కలిసి పనిచేశాం. ఎవరికైనా కట్టు కట్టాల్సి వస్తే మాత్రం గుడ్డ చుట్ట నా చేతిలో పెట్టేది. "నువ్వు కట్టు బిడ్డా, వానకు నాకు వేళ్లు నొస్తున్నయ్" అనేది. వానలకు అందరికీ కీళ్లు నొస్తున్నాయి, నేను పట్టించుకోలేదు.

పెళ్లయ్యాక ఉద్యోగం మానేశాను. పోయినేడు వికారాబాదులోనే పాప పుట్టింది. ఆయమ్మ అప్పటికి పని చాలించి ఇంటి దగ్గరే ఉంటోంది. కబురు తెలిసి చూడటానికి వచ్చింది. మా అమ్మ సంబరపడిపోయింది. సమయానికి వచ్చావని కూర్చోబెట్టి, నాకు నడికట్టు కట్టమని ఉతికిన చీర తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఊరంతా ఆ చేతి కట్టు కోసం అడిగేవాళ్లే, మా అమ్మ అడగడంలో వింతేముంది.

ఆయమ్మ ఆ చీరను మడత విప్పకుండా మంచం మీద పెట్టింది.

"నేను ఇడిసిపెట్టిన తల్లీ" అంది మా అమ్మతో. "వేరేటోళ్లతోని కట్టించుండ్రి."

"నీ కంటె మంచిగ కట్టెటోళ్లు ఎవరున్నరు?" అంది మా అమ్మ. "జర చూసి కట్టు, గట్టిగ వద్దంటె వదులుగ కట్టు."

"వదులుగ కడితె అది కట్టు కాదు. గట్టిగ కట్టుడు నాతోని ఇగ కాదు. నడిమిట్ల కట్టుడు నాకు రాదు తల్లీ, నేర్సుకోలే."

అని నా వైపు చూసింది. ఆ పొయ్యి దగ్గర నేను చెప్పిన "కాదు"ను ఆమె ఒక్క రోజు కూడా నమ్మలేదని నాకు అప్పుడు తెలిసింది. నమ్మినట్టు తల ఊపింది నా కోసం.

మీకు నేను చెప్పదలచుకున్నది పెద్దదేం కాదు. ఏదైనా చెయ్యమని మీకు చెబితే ఎలా చెయ్యాలో అడగండి. మీరే చెబితే, ఎలా చేశారో గొంగడి తీసి చూడండి. వాసన తెలిసినప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. ఇవి పాటించినా మనుషులు పోతారు. అప్పుడు ఎవరైనా మిమ్మల్ని నిజం చెప్పమని అడుగుతారు. దానికి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు ఆయమ్మ పొద్దు గూకిందాకా ఉండిపోయింది. కట్టు కట్టలేదు. పాపను ఒళ్లో వేసుకుని, చుట్టిన పొత్తిగుడ్డ విప్పేసి వదులుగా కప్పి, దాని ఛాతీ మీద అరచెయ్యి ఆనీ ఆననట్టు పెట్టుకుని కూర్చుంది. మా అమ్మ ఎంత పిలిచినా టీకి కూడా లేవలేదు. ఆ చెయ్యి పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంటే మంచం మీంచి నేను చూస్తూ పడుకున్నాను.

పాప మళ్లీ కదిలింది. దుప్పటి తొలగించి చూసి వస్తాను.